రెండో దారి: అప్పు, వలస, మానవ సంబంధాల గణితం

(కాళీపట్నం రామారావు స్మారకోపన్యాసం)



కారా మాస్టారి, అంటే కాళీపట్నం రామారావు గారి, పేరున జరిగే సభలో గేమ్ థియరీ మీద ఉపన్యాసమేమిటని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. నా దృష్టిలో ఈ విషయానికి ఇంతకన్నా తగిన సభ దొరకదు. మురపాకకు చెందిన కుటుంబంలో 1924 నవంబరు 9న పుట్టిన మాస్టారు విశాఖపట్నం సెయింట్ ఆంథోనీ హైస్కూల్లో పిల్లలకు లెక్కలు చెప్పి, 1979లో పదవీ విరమణ చేశారు. 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయాన్ని నిలబెట్టి, తెలుగు కథలన్నిటికీ ఒక ఇల్లు ఏర్పరచారు. 2021 జూన్ 4న ఈ ఊళ్లోనే కన్నుమూశారు. ఆయన రాసినవి తక్కువ. ఆ తక్కువలోనూ ‘యజ్ఞం’ అన్న ఒక్క కథ మీద తెలుగువాళ్లు అరవై ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు. లెక్కల మాస్టారి బుర్ర ఆ కథలో ఎలా పనిచేసిందో చెప్పుకోవడంతో నా మాట మొదలుపెడతాను.

ఈ సాయంత్రం నేను రుజువు చేయదలచుకున్నది ఒక్కటే. పేదవాడు ఎంత గట్టిగా బేరమాడగలడన్నది అతని తెలివి మీదా, అవతలివాడి మంచితనం మీదా ఆధారపడినదాని కన్నా, అతని సంబంధాలు ఏ ఆకారంలో ఉన్నాయన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. కష్టం వచ్చినప్పుడు వెళ్లడానికి ఒకే గుమ్మం ఉన్నవాడు, ఆ గుమ్మం లోపలివాడు ఎంత ధర్మాత్ముడైనా, చివరికి ఓడిపోతాడు.

1

‘యజ్ఞం’లో దుర్మార్గుడెవరు? కథ చదివిన ప్రతి తరమూ వేసుకున్న ప్రశ్న ఇది. అప్పల్రాముడు ఎగవేతదారు కాదు, అప్పు తీర్చాలనే అనుకుంటాడు. గోపన్న జలగలాంటి వడ్డీ వ్యాపారేం కాదు, తన బాకీ తనకు రావాలని అడుగుతున్నాడు. పంచాయితీ పెద్ద శ్రీరాములు నాయుడు ధర్మం తప్పని మనిషని ఊరంతా నమ్ముతుంది. సుందరపాలెంలో ఎవరి పాత్ర వారు నీతిగానే నడుపుకొస్తారు. అయినా కథ చివరికి వచ్చేసరికి అప్పల్రాముడి కొడుకు సీతారాముడు, తన బిడ్డ అప్పుకింద కంబారీ (పాలేరు) బతుకు బతకకూడదని, ఆ బిడ్డ ప్రాణం తానే తీస్తాడు. మంచివాళ్లందరూ కలిసి ఇంత ఘోరమైన ఫలితానికి ఎలా చేరుకున్నారు?

సాహిత్య విమర్శ దీనికి చాలా జవాబులు చెప్పింది. గణితం చెప్పే జవాబు వాటికి విరుద్ధం కాదు గానీ దాని పద్ధతి వేరు. గేమ్ థియరీలో 1950లో జాన్ నాష్ ప్రతిపాదించిన సమతౌల్యం అన్న భావన సారాంశం ఇది: మిగతావాళ్లు తమ పద్ధతి మార్చుకోనంత వరకు నేనొక్కణ్ణే నా పద్ధతి మార్చుకుని బాగుపడేది లేదు, ఇదే మాట అక్కడున్న ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. అలాంటి స్థితిలో అందరూ నష్టపోతున్నా ఎవరూ కదలరు, కదలలేరు. దాన్ని మార్చాలంటే మనుషులకు బుద్ధులు చెబితే సరిపోదు. ఎవరు ఎవరితో ముడిపడి ఉన్నారన్నదే మారాలి.

ఆ ముడిపాటును లెక్కలోకి తెచ్చే సాధనం గ్రాఫ్ సిద్ధాంతం. 1736లో ఆయిలర్ కోనిగ్స్‌బర్గ్ నగరంలోని ఏడు వంతెనల చిక్కును విప్పుతూ దీనికి పునాది వేశాడు. మనిషి ఒక చుక్క, ఇద్దరి మధ్య సంబంధం ఒక గీత, అంతే. ఇందులో భయపడవలసింది ఏమీ లేదు. మన ఇళ్లలో ఇలాంటి గ్రాఫులు బీరువాల్లో దాచిపెట్టి ఉన్నాయి. చదివింపుల పుస్తకం తీసి చూడండి. ఎడమవైపు ఇంటిపేరూ ఊరూ, కుడివైపు 116 లేదా 516 లేదా 1,116. రేపు ఆ ఇంట్లో పెళ్లయితే, ఈ ఇంటి యజమాని ముందు ఆ పుస్తకం తెరిచి, వాళ్లు మనకెంత చదివించారో చూసి, దానికి కాస్త కలిపి చదివిస్తాడు. ప్రతి పేరూ ఒక చుక్క, ప్రతి అంకె ఒక గీత, గీతకు దిశ ఉంది, బరువు ఉంది. వంద ఇళ్ల ఊళ్లో వంద పుస్తకాలూ పక్కపక్కన పెడితే ఆ ఊరి ఆర్థిక వ్యవస్థలో సగం కళ్లకు కడుతుంది. బ్యాంకు పాసుపుస్తకంలో కనబడని సగం అది.

2

పత్రం లేదు, సాక్షి సంతకం లేదు, కోర్టు లేదు. అయినా ఆ పుస్తకంలోని బాకీలు ఎందుకు తీరుతున్నాయి? మన సంస్కృతి అలాంటిది అనేస్తే ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. విద్యార్థులు కాగితం తీసుకుంటే మంచిది. ఇందులోని అంకెలు నేను ఊహించి వేసుకున్నవి, సౌకర్యం కోసం.

ఇద్దరు రైతులు. ఒకడికి అవసరం పడింది, రెండోవాడు చేబదులిచ్చాడు. అప్పు 10,000 రూపాయలు. ఇద్దరి స్నేహం వల్ల ఒక్కొక్కరికి ఏటా 2,000 రూపాయల మేలు జరుగుతుందనుకుందాం: నాట్లప్పుడు ఎడ్లు, రోగమొచ్చినప్పుడు తోడు, అత్యవసరానికి చేబదులు. మనిషికి ఇవాళ్టి రూపాయి మీద ఉన్నంత మమకారం ఏడాది తర్వాత వచ్చే రూపాయి మీద ఉండదు. అందుకని వచ్చే ఏటి రూపాయిని ఇవాళ 80 పైసలుగా లెక్కకడదాం. ఆ పై ఏడు 64 పైసలు, ఆ పైన 51. ఇలా ఎంతకాలం కూడుకుంటూ పోయినా మొత్తం 4 రూపాయలకు చేరుతుంది. అంటే ఏటా 2,000 మేలు చేసే స్నేహం మొత్తం భవిష్యత్తు విలువ ఇవాళ్టి లెక్కలో 8,000. ఎగ్గొడితే మిగిలేది 10,000, పోయేది 8,000. ఈ ఇద్దరే లోకమైతే అప్పు తీరదు. తీరదని తెలుసు కాబట్టి అసలు పుట్టదు.

ఇప్పుడు మూడోవాణ్ణి తీసుకురండి. అతను ఇద్దరికీ స్నేహితుడు. మొదటివాణ్ణి మోసం చేస్తే మూడోవాడు కూడా మాట్లాడటం మానేస్తాడు. ఎగ్గొట్టినవాడికి పోయేది 8,000 కాదు, 16,000. పదివేలకు పదహారు వేలు పోగొట్టుకునేవాడు ఉండడు. అప్పు పుడుతుంది, తీరుతుంది. చుక్కల భాషలో చెబితే, ఒంటి గీత నిలవదు గాని త్రిభుజం నిలుస్తుంది. ఆర్థికవేత్త మాథ్యూ జాక్సన్, ఆయన సహ పరిశోధకులు 2012లో ప్రచురించిన పరిశోధనలో కర్ణాటకలోని 75 పల్లెల సంబంధాల పటాలు తీసి చూస్తే, చేబదుళ్లు, ఇచ్చిపుచ్చుకోవడాలు ఇలాంటి ఉమ్మడి స్నేహితుడున్న జంటల మధ్యే ఎక్కువగా కనిపించాయి.

ఇంతవరకూ సంతోషించవలసిన సంగతే. ఈ లెక్కకు రెండో ముఖం ఉంది, దాన్ని చూడకుండా వదిలేస్తే మనం పల్లె జీవితాన్ని పొగుడుకుంటూ కూర్చుంటాం. మోసగాడితో మూడోవాడు మాట్లాడకపోవడం అన్న బలమే, అదే బలం, వెలివేతలో పనిచేస్తుంది. కులాంతర వివాహం చేసుకున్న జంట మీద, పంచాయితీ తీర్పు కాదన్న కుటుంబం మీద పడేది ఆ త్రిభుజాల బరువే. నమ్మకాన్ని పుట్టించే యంత్రం, లోబరుచుకునే యంత్రం రెండు వేర్వేరు యంత్రాలు కావు. సుందరపాలెంలో అప్పల్రాముడికి ఊరు వదిలితే ఇంకొక గుమ్మం లేదు. అతని త్రిభుజాలన్నీ ఆ పంచాయితీ అరుగు చుట్టూనే ఉన్నాయి.

3

ఈ అల్లిక ఎంతవరకు కాపాడుతుంది, ఎక్కడ తెగిపోతుంది? దీని మీద ప్రపంచంలో ఎక్కువగా వాడిన సాక్ష్యాల్లో ఒకటి తెలుగు నేలదే కావడం మనం గర్వించవలసిన విషయం. పటాన్‌చెరులోని పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ 1975 నుంచి కొన్ని పల్లెల్లో ఇంటింటి ఆదాయం, ఖర్చు ఏళ్ల తరబడి నమోదు చేయించింది. నాటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి వాటిలో ఒకటి. ఆ పుస్తకాలతో రాబర్ట్ టౌన్సెండ్ 1994లో ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. ఒక ఇంటి ఆదాయం పడిపోయినా ఆ ఇంటి తిండి ఖర్చు అదే లెక్కన పడిపోవడం లేదని, ఊరి సగటుతో పాటే పైకీ కిందికీ కదులుతోందని తేల్చాడు. ఇంటి కష్టాన్ని ఊరు చాలావరకు మోస్తోందన్నమాట. రక్షణ సంపూర్ణం కాదనీ, భూమి లేనివాళ్ల విషయంలో బలహీనమనీ కూడా ఆ వ్యాసంలోనే ఉంది. భూమి లేనివాడి మాట గుర్తుపెట్టుకోండి.

ఊరంతా ఒక్కసారే మునిగితే? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. నాటిన కొబ్బరి కాపుకు రావాలంటే ఐదారేళ్లు. ఆ ఉదయాన ఒక కుటుంబం చేబదులుకు ఎవరి దగ్గరకు వెళ్లాలి? పక్కింటి తోటా పడిపోయింది, మేనమామ తోటా పడిపోయింది, చీటీ పాడుకున్న షావుకారు జీడిపప్పు వ్యాపారమూ ఆ తోటల మీద ఆధారపడినదే. అందరూ అందరికీ హామీ ఉన్నారు, అందరూ ఒకే గాలికి పడ్డారు.

వెనకటి లెక్కను మళ్లీ వేయండి. విపత్తు వచ్చినప్పుడు మనిషి కోల్పోయేది డబ్బొక్కటే కాదు, రేపటి మీద భరోసా కూడా. వచ్చే ఏటి రూపాయి 80 పైసల నుంచి 60 పైసలకు దిగిపోయిందనుకుందాం. ఆ వరస మొత్తం 4 నుంచి 1.5కు పడుతుంది. స్నేహం విలువ 8,000 నుంచి 3,000కు వస్తుంది. త్రిభుజంలో రెండు స్నేహాలు కలిపి 6,000. పదివేల అప్పును అవి మోయలేవు. మోయాలంటే నాలుగు స్నేహాలు ఒక్కసారిగా తెగిపోయే భయం ఉండాలి, అంటే ఐదుగురూ ఒకరికొకరు తెలిసిన గట్టి గుంపు కావాలి. కాలం చెడే కొద్దీ మనుషులు తమ కులంలోకి, తమ వంశంలోకి ముడుచుకుపోవడానికి ఈ లెక్క ఒక కారణం చూపిస్తుంది. ముడుచుకున్న కొద్దీ తర్వాతి తుపానుకు అందరూ ఒకేచోట దొరుకుతారు.

పూర్వులకు ఈ సంగతి తెలియదని అనుకోవద్దు. అదే ఇక్రిశాట్ సమాచారంతో మార్క్ రోజెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ 1989లో ఆడపిల్లల పెళ్లి సంబంధాలను పరిశీలించారు. రాబడి నిలకడ లేని రైతు కుటుంబాలు కూతుళ్లను దూరపు ఊళ్లకు ఇచ్చే మొగ్గు ఎక్కువని చూపారు. ఇక్కడ వాన పడని ఏట అక్కడ పడవచ్చు. దూరపు వియ్యం ఒక రకం బీమా. మన ప్రాంతంలో మేనరికం బలంగా ఉంది. అది త్రిభుజాన్ని గట్టిపరుస్తుంది, నమ్మకాన్ని పెంచుతుంది, బీమాను తగ్గిస్తుంది. నమ్మకం కావాలంటే దగ్గరి సంబంధం, బీమా కావాలంటే దూరపు సంబంధం. ఈ రెంటి మధ్య పెనుగులాట ప్రతి పెళ్లి మాటల్లోనూ జరుగుతోంది. ఆ బీమా భారం మోస్తున్నది పుట్టిల్లు వదిలి వెళ్లిన ఆడపిల్ల అన్న సంగతిని ఆర్థికవేత్తలు చెప్పవలసినంత గట్టిగా చెప్పలేదు.

4

దూరపు సంబంధం పెళ్లితోనే రానక్కరలేదు, పనితోనూ వస్తుంది. ఇక మన తీరానికి వద్దాం.

శ్రీకాకుళం జిల్లాకు ఆంధ్ర తీరంలో పెద్ద వాటా ఉంది. పెద్ద బోట్లు నిలిచే ఫిషింగ్ హార్బరు మాత్రం ఇన్ని దశాబ్దాలూ లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. అందుకే ఇక్కడి మత్స్యకారులు ఆగస్టు తర్వాత గుజరాత్ వెరావల్ రేవుకు వెళ్లి అక్కడి సేట్ల బోట్లలో నెలల తరబడి పనిచేస్తారు. తీసుకెళ్లేవాడు తండేలు. బోటు నడిపేదీ అతనే, ఊళ్లో కుర్రాళ్లను పోగుచేసేదీ అతనే, సేటు ఇచ్చిన అడ్వాన్సును ఇళ్లలో పంచేదీ అతనే. ఆ అడ్వాన్సుతోనే ఇంట్లో పాత బాకీ తీరుతుంది, బియ్యం వస్తాయి, పిల్లల ఫీజు కడతారు. సముద్రం మీదకు వెళ్లకముందే కలాసీ, అంటే బోటు మీద పనిచేసే కూలీ, రాబోయే నెలల కష్టాన్ని అమ్మేసి ఉంటాడు.

ఆ అల్లికలో తండేలు ఎక్కడున్నాడు? ఒక పక్క తెలుగు ఊరు, ఇంకొక పక్క గుజరాతీ రేవు, మధ్యలో ఉన్న ఒకే ఒక్క గీత అతనే. ఇలాంటి స్థానానికి ఎంత విలువో లెక్కగట్టే పద్ధతిని లాయిడ్ షాప్లీ 1953లో కనిపెట్టాడు, 1977లో రోజర్ మయర్సన్ దాన్ని గ్రాఫులకు అన్వయించాడు. ఇద్దరికీ తర్వాత నోబెల్ వచ్చింది. పద్ధతి ఇది: ఆటగాళ్లు ఒక్కొక్కరే గదిలోకి వస్తారనుకోండి. ఎవరు అడుగుపెట్టగానే పని సాధ్యమయ్యిందో ఆ లాభం అతని ఖాతాలో వేయండి. రాగలిగిన వరసలన్నిటికీ ఇలా చేసి సగటు తీయండి.

సేటు, తండేలు, కలాసీ ముగ్గురూ కలిస్తే 12 రూపాయల లాభం, ఏ ఒక్కరు లేకున్నా సున్నా అనుకుందాం. ముగ్గురూ సమానంగా అవసరమే కాబట్టి తలా 4. ఇప్పుడు అదే ఊరికీ అదే రేవుకూ మధ్య ఇంకొక తండేలు ఉన్నాడనుకోండి. నలుగురు 24 వరసల్లో రావచ్చు. మొదటి తండేలు రాకతోనే పని కుదిరేది, సేటూ కలాసీ ముందే వచ్చి, రెండో తండేలు ఇంకా రానప్పుడు మాత్రమే. అలాంటి వరసలు 24లో 2. అతని వాటా 1 రూపాయి. రెండో తండేలుకూ 1. మిగిలిన 10 రూపాయలు సేటుకూ కలాసీకీ చెరి 5. సేట్లు కూడా ఇద్దరైతే కలాసీ వాటా 6 రూపాయల 40 పైసలకు వెళుతుంది. ఇంటికెళ్లి వేసి చూడండి, వరసలు 120 అవుతాయి గానీ లెక్క కుదురుతుంది.

ఈ మూడు లెక్కల్లోనూ కలాసీ వేసిన వల అదే, పడ్డ శ్రమ అదే. అతని నైపుణ్యం పెరగలేదు, తండేలు గుణం మారలేదు. మారింది గీతల సంఖ్య. 4 నుంచి 6.40కి ఆ గీతలే తెచ్చాయి.

తండేలును ఇందులో దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. 2018 నవంబరులో వెరావల్ నుంచి వేటకు వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకున్నప్పుడు, తండేళ్లూ కలాసీలతో పాటే జైల్లో ఉన్నారు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాతో ఆ సంగతి తెలుగువాళ్లందరికీ తెలిసింది. ఎచ్చెర్ల మండలం మత్స్యలేశం వంటి ఊళ్లలోని ఆడవాళ్లకు అప్పుడు ఎదురైన పరిస్థితి గమనించండి: బయటి ప్రపంచంతో తమను కలిపే ఒకే గీత సరిహద్దు అవతల తెగిపోయింది. భర్త ఎక్కడున్నాడని అడగడానికి తండేలు లేడు. జిల్లా అధికారులు, రాజకీయ నాయకులు, విదేశాంగ శాఖ అన్న కొత్త గీతలను ఒక్కొక్కటే వాళ్లు ఏడుస్తూ గీసుకున్నారు. పట్టుబడినవాళ్లలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర ఈ గడ్డ మీద అడుగుపెట్టారు. ఆ తర్వాత మూడు నెలలు తిరగకుండానే లాక్‌డౌన్ వచ్చి, వెరావల్ రేవులో వేల మంది ఆంధ్ర మత్స్యకారులు బోట్లలోనే చిక్కుకుపోయారు. ప్రభుత్వం బస్సులు పెట్టి తెచ్చేదాకా వాళ్లకు మళ్లీ అదే స్థితి. ముందే ఉండవలసిన దారిని విపత్తులో కూర్చుని వేసుకోవలసి రావడం పేదవాడికి చాలా ఖరీదైన వ్యవహారం.

5

దీని మీద రాగల అభ్యంతరాలు తేలికైనవి కావు.

మొదటిది నైతికమైనది: స్నేహాన్ని రూపాయల్లో కొలవడం మనిషిని చిన్నబుచ్చడం కాదా? స్నేహం అంటే ఇంతే అని గణితం అనదు. స్నేహం ఎంత గొప్పదైనా, దాని మీద పడే బరువు ఎంతవరకు ఓర్చుకుంటుందో మాత్రమే అడుగుతుంది. ఆ ప్రశ్న అడగకుండా ప్రేమ అన్నీ మోస్తుందని చెప్పడం, మోయలేక తెగిపోయిన వాళ్లను తర్వాత కృతఘ్నులని తిట్టడం, ఈ రెండూ నిజంగా మనిషిని చిన్నబుచ్చేవి.

రెండోది: ఇప్పుడందరి చేతిలో ఫోనుంది, ఇక గీతలకు కొరతేమిటి? ఫోను చేసిన మేలును తక్కువ చేయలేం. కేరళ తీరంలో మొబైల్ ఫోన్లు వచ్చాక ఏ రేవులో ధర ఎంతో బోటు మీదనే తెలిసి, చేపలు పారబోయడం ఆగిందని, మత్స్యకారుల లాభం 8 శాతం పెరిగిందని, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గిందని రాబర్ట్ జెన్సెన్ 2007లో చూపాడు. ఫోను వార్తను మోస్తుంది. అడ్వాన్సుకు హామీ ఉండటం, జబ్బు పడితే ఆసుపత్రికి తీసుకెళ్లడం, లెక్కలో తేడా వస్తే నిలదీయడం వార్తతో జరిగే పనులు కావు. వెరావల్‌లో కూలి ఎంతో తెలిసినంత మాత్రాన ఆ కూలి అడిగి తెచ్చుకునే దారి రాదు.

మూడోది అన్నిటికన్నా బలమైనది. ఊరివాళ్లందరూ ఒకే మేస్త్రీ వెంట, ఒకే తండేలు వెంట వెళ్లడంలోనే రక్షణ ఉంది కదా, పరాయి చోట భాష తెలిసిన నలుగురుంటారు కదా అని. నిజమే. మెక్సికో నుంచి అమెరికా వెళ్లిన వలస కార్మికుల మీద కైవాన్ మున్షీ 2003లో చేసిన పరిశోధన, తమ ఊరివాళ్లు ముందే ఎక్కువ మంది ఉన్నచోట కొత్తగా వచ్చినవాడికి పని తొందరగా, మెరుగ్గా దొరుకుతుందని తేల్చింది. అయితే 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు, వాళ్లలో చాలామంది మన రెండు జిల్లాల వాళ్లు. ఒకే మేస్త్రీ ద్వారా వెళ్లిన గుంపు ఒకే కప్పు కింద ఉంటుంది.  గుంపు కావాలి. ఆ గుంపుకు బయటికి వెళ్లే దారులు ఒకటికి మించి ఉండాలి. ఈ రెంటిలో ఒకటి ఎంచుకోమని ఎవరూ అడగడం లేదు.

నాలుగోది ఆర్థికవేత్తల నుంచే వస్తుంది: నా లెక్కలో కలాసీ ఒక్కడే, అసలు లోకంలో కలాసీలు వేలమంది, పోటీ వాళ్ల మధ్యే కదా, దారులు పెరిగితే ఏం లాభం? ఈ అభ్యంతరాన్ని నేను ఒప్పుకుంటున్నాను. కలాసీలు విడివిడిగా ఉంటే 6.40 రాదు. ఆ లెక్కలో కలాసీ ‘ఒక్కడు’ కావాలంటే వాళ్లంతా ఒక మాట మీద నిలవాలి. సంఘం అన్నదానికి గణితంలో అర్థం అదే. రెండో దారి, సంఘం విడదీయరానివి. దారి లేని సంఘాన్ని ఆకలితో విరగ్గొడతారు, సంఘం లేని దారిలో కూలీలు ఒకరినొకరు తోసుకుంటారు.

6

అయితే చేయవలసిందేమిటి? మన చట్టాలు మనిషిని చూశాయి గాని అల్లికను చూడలేదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలంది, కూలీకి పాసుపుస్తకం ఇవ్వాలంది. తర్వాత దాన్ని 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్‌లో కలిపారు. మేస్త్రీ తప్ప ఇంకొక దిక్కు లేని కూలీ, అదే మేస్త్రీ మీద ఫిర్యాదు చేస్తాడని ఆ చట్టం ఆశించింది. అప్పల్రాముణ్ణి శ్రీరాములు నాయుడి మీద శ్రీరాములు నాయుడి పంచాయితీలోనే ఫిర్యాదు చేయమన్నట్టు ఉంది అది.

నేను అడిగేవి చిన్నవి. వెరావల్ రేవులో మన మత్స్యశాఖ తరఫున తెలుగు మాట్లాడే ఒక మనిషి, వేట కాలమంతా కూర్చునే ఒక గది ఉండాలి. అడ్వాన్సు లెక్క రెండు ప్రతుల్లో రాయాలి, ఒకటి కలాసీ భార్య దగ్గర ఉండాలి. బుడగట్లపాలెం హార్బరు, మంచినీళ్లపేట జెట్టీ పనులు పూర్తయితే ఎంతమంది వెనక్కి వస్తారన్నది తర్వాతి మాట. ఇక్కడ పని దొరుకుతుందన్న ఒక్క అవకాశం చాలు, అక్కడికి వెళ్లేవాడి బేరం కూడా బలపడటానికి. గీత వాడకపోయినా ఉంటే చాలు. అది ఉన్నందుకే వాటా మారుతుందని షాప్లీ లెక్క చెబుతోంది: రెండో తండేలు దగ్గరకు కలాసీ ఒక్కసారి కూడా వెళ్లనక్కరలేదు.

ఈ ఏర్పాట్ల సమాచారం ఊళ్లో ఎవరికి ముందు చెప్పాలి? సర్పంచికి చెబితే సరిపోతుందనుకోవడం మన అధికారుల అలవాటు. అభిజిత్ బెనర్జీ, అరుణ్ చంద్రశేఖర్, ఎస్తేర్ డుఫ్లో, జాక్సన్ కలిసి కర్ణాటకలో 213 గ్రామాల్లో ఒక ప్రయోగం చేశారు. ‘ఒక సంగతి ఊరంతా తెలియాలంటే ఎవరికి చెబితే మంచిది?’ అని ఊరివాళ్లనే అడిగి, వాళ్లు చెప్పినవాళ్లకు కబురందించిన చోట్ల, ఊరి పెద్దలకు చెప్పిన చోట్ల కన్నా కబురు బాగా పాకింది. పటం గీయకపోయినా, లెక్కలు రాకపోయినా, తమ అల్లికలో నడుమ ఎవరున్నారో పల్లె జనానికి తెలుసు. మనం అడగడం లేదంతే.

కాబట్టి ఎచ్చెర్ల అంబేద్కర్ విశ్వవిద్యాలయం గణితశాఖ, అర్థశాస్త్ర శాఖ అధ్యాపకులకు ఈ వేదిక నుంచి నా విన్నపం ఇది. మీ పిల్లలు ప్రాజెక్టు పేరుతో ఎక్కడివో అంకెలు ఎక్కించుకుని తెస్తున్నారు. వాళ్లను తీరంలో ఒక్క ఊరికి పంపండి. ఏ ఇంటికి ఎవరు చేబదులిస్తారు, ఏ కుర్రాడు ఏ తండేలు వెంట వెళ్లాడు, కష్టం వస్తే రెండో గుమ్మం ఎవరిది, ఈ మూడు ప్రశ్నలే అడిగించండి. పేర్లు గోప్యంగా ఉంచి పటం గీయించండి. రెండో గుమ్మం లేని ఇళ్లు ఎన్నో ఆ పటంలో కనిపిస్తాయి. ఆ జాబితా పట్టుకుని ఆ ఊరి సంఘంతో కలిసి కలెక్టరు గారి దగ్గరకు వెళ్లండి. వచ్చే ఆగస్టులో బోట్లు కదిలే లోపు ఒక్క ఊరికైనా ఈ పని జరగాలి.